ఆ సినిమా తీసిన మనిషి పేరు కూడా వెయ్యండి

సంపాదకులు గారికి,

నమస్కారం. నేను హైస్కూలు పిల్లలకి ముప్పై రెండేళ్లు సోషల్ చెప్పి రిటైరైన టీచర్ని. ఏడాదిన్నరగా జర్మనీలో, బ్రౌన్‌ష్వైగ్ అనే ఊళ్లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. మీ పేపరు ఇక్కడ చేతికి అందదు కాబట్టి రోజూ పొద్దున్నే ఫోన్లో చదువుకుంటాను. పాత యుద్ధ సినిమాల మీద ఆదివారం అనుబంధంలో మీరు వేసిన వ్యాసం కూడా అలాగే చదివాను. అందులో 'పదకొండు మంది షిల్ అధికారులు' అనే జర్మన్ సినిమా మీద ఒక పేరా ఉంది. 1809లో నెపోలియన్ మీద, షిల్ అనే మేజర్ నడిపిన ఒక ప్రష్యన్ గుర్రపు దళం తిరగబడిన కథ అది. ప్రష్యా అంటే అప్పటి జర్మన్ రాజ్యాల్లో ఒకటి. కథ వరకు బాగానే చెప్పారు. చివర్లో మాత్రం, హిట్లర్ పాలనలో వచ్చిన ప్రచార చిత్రాల్లో ఇదొకటి అని ఒక్క వాక్యంలో తేల్చేశారు. దర్శకుడి పేరు ఎక్కడా లేదు.

ఆ వాక్యం చదివాక ఆ రోజంతా నా మనసు కుదుటపడలేదు. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగైతే మన్నించండి.

ముందు తేదీ సంగతి. ఆ సినిమా వచ్చింది 1932లో. హిట్లర్ ఛాన్సలర్ అయ్యింది 1933 జనవరి 30న. అంటే సినిమా వచ్చేనాటికి జర్మనీలో ఇంకా వైమార్ రిపబ్లిక్ నడుస్తోంది, ఎన్నికలు జరుగుతున్నాయి, రకరకాల పార్టీల పత్రికలు వస్తున్నాయి. ఒక్క ఏడాది తేడాకి ఇంత గొడవెందుకు అని మీకు అనిపించవచ్చు. ఆ సినిమా తీసిన మనిషి విషయంలో ఆ ఒక్క ఏడాదే అంతా.

ఆయన పేరు రుడోల్ఫ్ మైనెర్ట్. 1882లో వియన్నాలో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. మూకీల కాలం నుంచి సినిమాల్లో ఉన్నాడు. షెర్లాక్ హోమ్స్ 'బాస్కర్‌విల్ వేటకుక్క' కథని 1914లోనే జర్మన్‌లో తెరకెక్కించింది ఆయనే. సినిమా చరిత్ర చదివిన వాళ్లందరూ చెప్పుకునే 'డాక్టర్ కాలిగరి' నిర్మాతల్లో ఆయన పేరు కూడా ఉంది. ఈ షిల్ అధికారుల కథని ఆయన ఒకసారి కాదు, రెండుసార్లు తీశాడు. 1926లో మూకీగా తీశాడు. టాకీలు వచ్చాక 1932లో మళ్లీ మాటలతో తీశాడు. ఆరేళ్ల తేడాలో అదే కథకి మళ్లీ వచ్చాడంటే వ్యాపారం ఒక కారణం అయ్యుండొచ్చు, కాదనను. కానీ జర్మన్ల దేశభక్తి కథని జర్మన్లకి రెండుసార్లు చెప్పిన మనిషి ఆయన అన్న మాట మాత్రం ఎవరూ చెరపలేరు.

నాజీలు రాగానే ఆయనకి జర్మనీలో పని లేకుండా పోయింది. దేశం విడిచి నెదర్లాండ్స్ వెళ్లాడు. అక్కడ సినిమా తీశాడు. తర్వాత ఫ్రాన్స్ చేరాడు. ఫ్రాన్స్‌ని కూడా జర్మన్ సైన్యం ఆక్రమించుకుంది. పారిస్ పక్కనే ఉన్న డ్రాన్సీ నిర్బంధ శిబిరం నుంచి 1943 మార్చిలో ఆయన్ని రైలెక్కించి పోలండ్‌లోని మైదానెక్ అనే నాజీ శిబిరానికి పంపారు. అక్కడే చంపేశారు. అప్పటికి ఆయనకి అరవై ఏళ్లు.

అలాంటి మనిషి సినిమాని ఆయన్ని చంపిన వాళ్ల ఖాతాలో రాసేశాం. మీ వ్యాసకర్త కావాలని చేశారని నేను అనడం లేదు. యూనిఫాం, గుర్రాలు, జెండాలు కనిపిస్తే చాలు, పాత జర్మన్ సినిమా అనగానే మనందరికీ నాజీలే గుర్తొస్తారు. నేనూ క్లాసులో అలాగే చెప్పిన రోజులున్నాయి.

అసలు కథ కూడా కొంచెం చెప్పనివ్వండి, ఎందుకంటే మీ వ్యాసంలో పదకొండు మంది అధికారులే ఉన్నారు. మిగతా వాళ్లు లేరు.

ఫెర్డినాండ్ ఫాన్ షిల్ 1776లో డ్రెస్డెన్ దగ్గర పుట్టాడు. 1806 అక్టోబర్ 14న, ఫ్రెంచి వాళ్ల చేతిలో ప్రష్యా ఓడిన ఆవర్‌స్టెట్ యుద్ధంలో తలకి గాయమైంది. ఆ గాయంతోనే బాల్టిక్ తీరంలో ఉన్న కోల్‌బెర్గ్ కోటకి చేరాడు. కాస్త కోలుకోగానే చిన్న స్వచ్ఛంద దళం ఒకటి కూడగట్టుకుని ఫ్రెంచి వాళ్ల సరఫరాల మీద దాడులు చేశాడు. ప్రష్యా అంతా ఒక్కో కోటా లొంగిపోతుంటే కోల్‌బెర్గ్ మాత్రం యుద్ధం ముగిసేదాకా లొంగలేదు. దాంతో షిల్ పేరు ఇంటింటా మారుమోగింది. 1807లో నెపోలియన్‌తో చేసుకున్న టిల్సిట్ సంధితో ప్రష్యా సగం భూభాగం పోగొట్టుకుంది. ఆ మరుసటి ఏడాది ఒప్పందంలో సైన్యాన్ని 42,000 మందికి మించనివ్వకూడదని కట్టడి పెట్టారు. ఫ్రెంచి సైన్యం బెర్లిన్ ఖాళీ చేశాక 1808 డిసెంబర్‌లో నగరంలోకి తిరిగి వచ్చిన ప్రష్యన్ దళాల ముందు వరసలో నడిచింది మేజర్ షిల్ హుస్సార్లే. హుస్సార్లంటే తేలికపాటి ఆయుధాలతో వేగంగా కదిలే గుర్రపు రౌతులు.

1809 ఏప్రిల్‌లో ఆస్ట్రియా నెపోలియన్ మీద యుద్ధానికి దిగింది. ఉత్తర జర్మనీలో కూడా జనం లేస్తారని షిల్ నమ్మాడు. ఏప్రిల్ 28న తన రెజిమెంటుని కవాతు పేరు చెప్పి బెర్లిన్ బయటికి తీసుకొచ్చి, ఊరు దాటాక అసలు సంగతి చెప్పాడు. రాజు ఆజ్ఞ లేదు. ఆజ్ఞ వస్తుందన్న ఆశ కూడా లేదు. సైనికులు ఆయన వెంట నడిచారు. నెపోలియన్ తమ్ముడు జెరోమ్ అప్పుడు వెస్ట్‌ఫాలియాకి రాజు. షిల్ తల మీద 10,000 ఫ్రాంకులు వెల కట్టాడు. ప్రష్యా రాజు మూడో ఫ్రీడ్రిష్ విల్‌హెల్మ్ కూడా ఆ పనిని ఖండించాడు. అంటే షిల్‌కి ముందూ గొయ్యే, వెనకా గొయ్యే. బయలుదేరిన కొద్ది రోజులకే ఆస్ట్రియా ఓడిపోతోందన్న కబురు వచ్చింది. అయినా ఆగలేదు. మే 5న మాగ్డెబర్గ్ దగ్గర డోడెన్‌డోర్ఫ్‌లో పోరాడాడు. అక్కడి నుంచి ఉత్తరానికి తిరిగి బాల్టిక్ ఒడ్డున ఉన్న స్ట్రాల్‌సుంట్ చేరుకున్నాడు. సముద్రం మీదుగా ఇంగ్లిష్ వాళ్ల సాయం వస్తుందని ఆశ. రాలేదు. మే 31న నెపోలియన్ పక్షాన డచ్ సైన్యం, డేనిష్ సైన్యం కలిసి ఊరి మీద పడ్డాయి. వీధి పోరాటంలో షిల్ చనిపోయాడు.

ఇక్కడే ఒక విషయం మా అమ్మాయి నాకు చదివి వినిపించినప్పుడు, ఇక చాలమ్మా అని ఆపేయమన్నాను. షిల్ తల నరికి, స్పిరిట్ పోసిన సీసాలో పెట్టి జెరోమ్ రాజుకి పంపారు. మొండెం స్ట్రాల్‌సుంట్‌లో పాతిపెట్టారు. ఆ తల తర్వాత నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరానికి, శరీర భాగాలు భద్రపరిచే సేకరణలోకి చేరింది. కొన్ని దశాబ్దాలు ఆ సీసాలోనే ఉంది. ఆ తలని అడిగి తెప్పించి 1837లో ఇక్కడ, మేం ఉంటున్న బ్రౌన్‌ష్వైగ్‌లో ఖననం చేశారు.

ఇక్కడే ఎందుకంటే, షిల్ దళంలో పట్టుబడిన మామూలు సైనికుల్లో పద్నాలుగు మందిని 1809 జూలైలో ఈ ఊళ్లోనే కాల్చి చంపారు. అయిదు వందల మందికి పైగా బందీలని ఫ్రాన్స్‌కి తోలి, బ్రెస్ట్, షెర్బూర్ రేవుల్లో గొలుసులతో వెట్టిచాకిరీ చేయించారు. పదకొండు మంది అధికారులని మాత్రం వేరుగా రైన్ నది ఒడ్డున ఉన్న వేసెల్ కోటకి తీసుకెళ్లారు. సెప్టెంబర్ 16న విచారణ, అదే రోజు శిక్ష. ఊరి బయట పచ్చికలో నిలబెట్టి కాల్చేశారు. వాళ్లలో కార్ల్, ఆల్బర్ట్ ఫాన్ వేడెల్ అని ఇద్దరు అన్నదమ్ములు కూడా ఉన్నారు. మొదటి విడత తూటాలకి ఆల్బర్ట్‌కి చెయ్యి మాత్రమే గాయమైందనీ, ఈసారి సరిగ్గా గురిపెట్టండి అని తనే అడిగాడనీ అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు.

సినిమా పేరులోకి ఎక్కింది ఈ పదకొండు మందే. అప్పటి సినిమాలకి అధికారులు కావాలి, మామూలు రౌతులు అక్కర్లేదు. ఆ విషయంలో మైనెర్ట్‌ని కూడా నేను వెనకేసుకురాను. ఆ పద్నాలుగు మంది కాళ్ల కింద ఉన్న మట్టి మీద ఏడాదిన్నరగా నడుస్తున్నదాన్ని కాబట్టి నాకు వాళ్లే ముందు గుర్తొస్తారు.

మా మనవరాలిని కిండర్‌గార్టెన్ నుంచి తీసుకొచ్చేటప్పుడు అప్పుడప్పుడు షిల్‌స్ట్రాసె మీదుగా నడుస్తాం. షిల్ వీధి అన్నమాట, రైల్వే స్టేషన్‌కి దగ్గరే. వాహనాల రొద ఎప్పుడూ ఉంటుంది. చెట్ల మధ్య షిల్ స్మారకం ఉంది. పోయిన నవంబర్‌లో సన్నగా వాన పడుతుంటే దాని దగ్గర ఆగాం. ఆకులన్నీ తడిసి రాయికి అంటుకుపోయి ఉన్నాయి. చిన్నది వంగి ఒక్కో ఆకే లాగి పక్కన పెడుతోంది. దాని కోసం నిలబడి ఇటు పక్కకి తిరిగి చూస్తే అక్కడ ఇంకో స్మారకం ఉంది. అప్పటిదాకా అది కూడా షిల్‌దే అనుకున్నాను.

కాదు. అక్కడ 1944లో ఒక నిర్బంధ శిబిరం ఉండేది. నోయెన్‌గామె అనే పెద్ద శిబిరానికి ఇది అనుబంధం. బ్యూసింగ్ అనే లారీల ఫ్యాక్టరీలో పని చేయించడానికి ఆష్విట్స్‌లో ఏరి తెచ్చిన యూదు మగవాళ్లని, వెయ్యి మందికి పైగా, ఇక్కడ బారకాసుల్లో ఉంచారు. చాలామంది పోలండ్‌లోని లోజ్ ఘెట్టో నుంచి, అంటే యూదులని బంధించి ఉంచిన పేట నుంచి వచ్చినవాళ్లు. ఆకలితో, చాకిరీతో ఎంతోమంది ఇక్కడే చనిపోయారు. దానికి ఒక స్మారకం రావడానికి 2000 సంవత్సరం దాకా పట్టింది. ఊళ్లోని సంస్థలూ మనుషులూ తమకి తెలిసినవి రాసి, సేకరించి చేర్చిన పెట్టెలు లోపల ఉన్నాయి. ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. మా అమ్మాయి ఒక శనివారం నాతో వచ్చి రెండు గంటలు కూర్చుని చదివి చెప్పింది. బయటికి వచ్చి రోడ్డు దాటబోతుంటే సిగ్నల్ దగ్గర ఒక పెద్ద లారీ ఆగింది. ముందు భాగంలో సింహం బొమ్మ. అది ఒకప్పుడు బ్యూసింగ్ గుర్తు, ఈ ఊరి సింహమే అని అమ్మాయి చెప్పింది. ఆ కంపెనీని కొన్నవాళ్లు దాన్ని అలాగే ఉంచుకున్నారట. సిగ్నల్ మారి లారీ వెళ్లిపోయాక కూడా మేం దాటకుండా అక్కడే నిలబడిపోయాం.

షిల్ స్మారకానికీ ఆ శిబిరం స్మారకానికీ మధ్య నాలుగడుగుల దూరం. షిల్ కథని సినిమాగా తీసిన యూదు దర్శకుడు, షిల్ పేరున్న వీధిలో యూదుల శిబిరం. ఆ సాయంత్రం ఇంటికి వచ్చాకే నేను మైనెర్ట్ గురించి వెతకడం మొదలుపెట్టాను. అందుకే మీ వ్యాసంలో ఆ పేరు కోసం అంతగా చూశాను.

ఇంకో పేరు కూడా చెప్పాలి. 1932 సినిమాలో నటించిన వాళ్లలో ఫైట్ హార్లాన్ అనే కుర్ర నటుడు ఉన్నాడు. మైనెర్ట్ దేశం వదిలి వెళ్తే, హార్లాన్ డైరెక్టరై హిట్లర్ ప్రచార మంత్రి గోబెల్స్‌కి కావలసినవాడయ్యాడు. యూదుల మీద విషం కక్కే 'యూద్ జ్యూస్' సినిమా 1940లో తీసింది ఇతనే. కోట్ల మందికి ఆ సినిమా చూపించారు. యుద్ధం ఓడిపోతున్న రోజుల్లో గోబెల్స్ 'కోల్‌బెర్గ్' అనే రంగుల సినిమా తీయించాడు. దానికీ దర్శకుడు హార్లానే. అందులో మన షిల్ మళ్లీ ఒక పాత్రగా వస్తాడు. సైనికులు లేక యుద్ధరంగం అల్లాడుతుంటే వేలమంది సైనికులని షూటింగ్‌కి తెచ్చి నిలబెట్టారు. 1945 జనవరి 30న విడుదల చేశారు. రెండు నెలలు తిరక్కుండానే అసలు కోల్‌బెర్గ్ పట్టణం శత్రువు చేతికి చిక్కింది. యుద్ధం తర్వాత హార్లాన్ మీద రెండుసార్లు విచారణ జరిగింది. రెండుసార్లూ నిర్దోషిగా బయటపడ్డాడు, మళ్లీ సినిమాలు తీశాడు.

ప్రచార చిత్రం అనే మాట వెయ్యదలిస్తే 'కోల్‌బెర్గ్' మీద వెయ్యండి, సరిగ్గా సరిపోతుంది. ఒకే సెట్ మీద పనిచేసిన ఇద్దరిలో ఒకరు శిబిరంలో చనిపోయారు, ఒకరు ఆ శిబిరాలు నడిపిన ప్రభుత్వానికి సినిమాలు తీశారు. ఇద్దరినీ ఒకే గాటన కట్టెయ్యడం నాకు భరించరానిదిగా అనిపించింది. అదే సినిమా హీరోయిన్ హెర్టా థీలె కూడా నాజీలకి లొంగలేదు. ఆమెకి సినిమాల్లో పని లేకుండా చేశారు. 1937లో స్విట్జర్లాండ్ వెళ్లిపోయి, బతుకుదెరువుకి మానసిక రోగుల ఆసుపత్రిలో సహాయకురాలిగా కూడా పనిచేసింది.

ఇక 1932లో అలాంటి సినిమాలు ఎందుకు అన్నేసి వచ్చాయంటే, దానికి కారణాలున్నాయి. మొదటి యుద్ధం ఓటమి, వెర్సాయి సంధి, 1923లో ఫ్రెంచి, బెల్జియం సైన్యాలు రూర్ ప్రాంతంలోకి దిగడం, రైన్ ఒడ్డు 1930 దాకా పరాయి సైన్యాల చేతిలో ఉండడం, ఇవన్నీ జనం మనసుల్లో పచ్చిగా ఉన్నాయి. 1932 మొదట్లో నిరుద్యోగులు అరవై లక్షలు. తెర మీద 1809 నాటి ఫ్రెంచి సైనికుడు కనిపిస్తే హాల్లో కూర్చున్నవాడికి నిన్నటి ఫ్రెంచి సైనికుడే గుర్తొచ్చేవాడు. ఆ ఒకటి రెండేళ్లలోనే ప్రష్యా సేనాని యోర్క్ మీద, ప్రష్యా రాణి లూయీజె మీద, కవి క్యోర్నర్ మీద, అందరూ నెపోలియన్ కాలం వాళ్లే, వరసగా సినిమాలు వచ్చాయి. వాటి వల్ల నాజీలకి నేల చదునైంది అని చరిత్రకారులు అంటే నేను వాదించను. మైనెర్ట్ సినిమాకీ ఆ పాపంలో వాటా ఉందంటే కూడా ఆలోచిస్తాను. పైగా సినిమాగా అదేం గొప్పది కాదు. అప్పటి విమర్శకులు పెద్దగా మెచ్చుకోలేదు, నటన, సెట్లు మాత్రం బాగున్నాయన్నారు.

ఆ సినిమాలు తీసిన యూదులు మాత్రం మైనెర్ట్ ఒక్కడే కాదు. అదే 1932లో, అదే 1809 నాటి కథతో, టిరోల్ కొండల్లో ఫ్రెంచి వాళ్ల మీద తిరుగుబాటు గురించి 'రెబెల్' అనే సినిమా వచ్చింది. దాని దర్శకులు ఇద్దరు, లూయిస్ ట్రెంకర్, కుర్ట్ బెర్న్‌హార్ట్. 1933 మార్చిలో గోబెల్స్ సినిమా వాళ్లని కూర్చోబెట్టి ఉపన్యాసం ఇస్తూ, ఇలాంటి సినిమా తియ్యండి అని దాన్ని పొగిడాడు. బెర్న్‌హార్ట్ యూదుడు. ఆ ఏడాదే ఆయన జర్మనీలో ఉండలేక పారిపోయాడు. సినిమా కావాలి, తీసిన మనిషి అక్కర్లేదు. మైనెర్ట్‌కి జరిగిందీ ఇదే. బెర్న్‌హార్ట్ అమెరికా చేరి బతికాడు, మైనెర్ట్ చేరలేకపోయాడు.

క్లాసులో నెపోలియన్ పాఠం చెప్పేటప్పుడు టిల్సిట్ సంధిని ఒక్క వాక్యంలో దాటేసేదాన్ని. సిలబస్ పూర్తి కావాలి, పరీక్షలు దగ్గరపడుతుంటాయి, ఆ టెన్షన్‌లో ఎవరి పేర్లు వదిలేశానో నాకే గుర్తులేదు. ఒక పిల్ల మాత్రం ఎప్పుడో అడిగింది, ఆ సైనికుల పేర్లేంటి టీచర్ అని. పరీక్షలో రావు, కూర్చో అన్నాను. ఆ మాట ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

కాబట్టి నా మనవి ఇదీ. వచ్చే ఆదివారం అదే పేజీలో, చిన్న అక్షరాల్లోనైనా సరే, ఒక సవరణ వెయ్యండి. సినిమా 1932 నాటిదనీ, నాజీ ప్రభుత్వం తీయించినది కాదనీ రాయండి. తీసిన మనిషి పేరు రాయండి. జర్మన్ పేర్లు తెలుగులో వేసేటప్పుడు అచ్చుతప్పులు పడుతుంటాయి కాబట్టి మా అమ్మాయిని ఇక్కడివాళ్లతో రెండుసార్లు పలికించి, విని రాస్తున్నాను. రుడోల్ఫ్ మైనెర్ట్. పుట్టింది వియన్నాలో, 1882. చనిపోయింది మైదానెక్‌లో, 1943.

నమస్కారాలతో,
ఒక రిటైర్డ్ సోషల్ టీచర్,
బ్రౌన్‌ష్వైగ్, జర్మనీ